తక్కువ మెజారిటీ సీట్లు: లెక్కింపు టేబుల్ దగ్గర ఏం చూడాలి, పత్రిక ఏం అచ్చువేయాలి

సంపాదకులకు,

హిమాచల్ ప్రదేశ్‌లో 2022 శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 40, బీజేపీకి 25, స్వతంత్రులకు 3 సీట్లు వచ్చాయి. సీట్లు చూస్తే కాంగ్రెస్ తేలిగ్గా గెలిచినట్టు కనిపిస్తుంది. ఓట్లు చూస్తే కాంగ్రెస్‌కు 43.9 శాతం, బీజేపీకి 43 శాతం. రాష్ట్రమంతా కలిపినా రెండు పార్టీల మధ్య తేడా 38 వేల లోపే. భోరంజ్‌లో కాంగ్రెస్ అభ్యర్థి 60 ఓట్లతో గట్టెక్కారు. శ్రీ నైనా దేవిలో బీజేపీ 171 ఓట్లతో, బిలాస్‌పూర్‌లో అదే పార్టీ 276తో, శిలాయీలో కాంగ్రెస్ 382తో, సుజాన్‌పూర్‌లో 399తో గెలిచాయి.

ఇంత దగ్గరి పోటీలో ఫలితాన్ని నమ్మాలంటే మెజారిటీ అంకె ఒక్కటే చాలదు. తిరస్కరించిన పోస్టల్ బ్యాలట్లు ఎన్ని, లెక్కించకుండా పక్కన పెట్టిన యంత్రాలు ఎన్ని, టెండర్డ్ ఓట్లు (తమ పేరున మరొకరు ముందే వేసేస్తే అసలు ఓటరు విడిగా వేసేవి) ఎన్ని, రీకౌంటింగ్ ఎవరైనా అడిగారా, అడిగితే ఏ కారణంతో ఒప్పుకున్నారు, ఏ కారణంతో కాదన్నారు అన్నవి కూడా తెలియాలి. మర్నాటి పత్రికలో అభ్యర్థి పేరు, పార్టీ, మెజారిటీ ఉంటాయి గాని ఇవి ఉండవు. పార్టీలు కూడా ప్రచారానికి పెట్టే శ్రద్ధలో పదో వంతు కౌంటింగ్ ఏజెంట్ల శిక్షణకు పెట్టవు. వెయ్యి ఓట్ల లోపు తేడా వచ్చే ప్రతి సీటులోనూ ఈ అంకెలు మీ పత్రికలో అచ్చు కావాలనీ, లెక్కింపుకు ముందే ఏజెంట్లకు, ఓటర్లకు ఈ వివరాలు చేరాలనీ ఈ లేఖ రాస్తున్నాను.

హిమాచల్ ఉదాహరణ ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడ పదిమందిలో తొమ్మిదిమంది పల్లెల్లోనే ఉంటారు. 68 నియోజకవర్గాలు, సుమారు 56 లక్షల ఓటర్లు, 7,881 పోలింగ్ కేంద్రాలు. సగటున నియోజకవర్గానికి 82 వేల ఓటర్లు, 116 బూత్‌లు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నాటి సగటు 2 లక్షల 36 వేల ఓటర్లు, 265 బూత్‌లు. నియోజకవర్గం చిన్నదైతే మెజారిటీలూ చిన్నవే అవుతాయి. 60 ఓట్లంటే ఆ సగటు లెక్కన రెండు బూత్‌లకు ఒక ఓటు. ఒక్క బూత్ అంకె తప్పుగా ఎక్కినా ఫలితం తారుమారయ్యే పరిస్థితి అది. దీనికి తోడు సైన్యంలో ఉన్నవారు, ప్రభుత్వోద్యోగులు ఆ రాష్ట్రంలో గణనీయంగా ఉన్నారు. 2022లో పాత పింఛను పథకం ప్రధాన హామీల్లో ఒకటి కావడంతో ఉద్యోగుల ఓట్ల విలువ ఇంకా పెరిగింది. పోలింగ్ నవంబరు 12న, లెక్కింపు డిసెంబరు 8న. నడుమ 26 రోజులు యంత్రాలు స్ట్రాంగ్‌రూమ్‌లోనే ఉన్నాయి. లాహౌల్-స్పితిలో 15,256 అడుగుల ఎత్తున ఉన్న తాషిగాంగ్ బూత్‌లో ఓటర్లు 52 మంది. అలాంటి చోటు నుంచి వచ్చిన ఫారంలో అంకె అలికినట్టుంటే, లెక్కింపు రోజున ఎవరూ వెనక్కి వెళ్లి అడిగి రాలేరు.

మన దగ్గరా ఇలాంటి సీట్లకు కొదవ లేదు. మంగళగిరి 2014లో 12 ఓట్లతో తేలింది. విజయవాడ సెంట్రల్ 2019లో 25, ఆసిఫాబాద్ 2018లో 171, చేవెళ్ల 2023లో 268, మడకశిర 2024లో 351. అనకాపల్లి లోక్‌సభ సీటు 1989లో 9 ఓట్లతో తేలింది. రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో 2008లో సి.పి.జోషికి 62,215 ఓట్లు, ప్రత్యర్థికి 62,216. కర్ణాటకలోని సంతెమరహళ్లిలో 2004లోనూ ఒక్క ఓటే తేడా.

ముందుగా పోస్టల్ బ్యాలట్లు. తక్కువ మెజారిటీ సీట్లలో గొడవలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి, ఎందుకంటే లెక్కింపు మొత్తంలో మనిషి చూసి, చదివి, చెల్లుతుందో లేదో తేల్చే ఓటు ఇదే. కవర్ల అమరిక తెలియకపోతే ఏజెంటుకు అక్కడ ఏం జరుగుతోందో అర్థం కాదు. బ్యాలట్ కాగితం లోపలి కవరులో, అంటే 13బిలో ఉండాలి. ఓటరు ప్రకటన పత్రం 13ఎ. అది లోపలి కవరులో కాకుండా విడిగా ఉండాలి. ఈ రెండూ కలిసి పెద్ద కవరు 13సిలో వస్తాయి. ఉదయం 8 గంటలకు, లేదా లెక్కింపు మొదలయ్యే సమయంగా నిర్ణయించిన ఘడియకు, ముందు చేరిన కవర్లనే తెరుస్తారు. తర్వాత వచ్చినవాటిని తెరవకుండానే పక్కన కట్టేస్తారు.

పెద్ద కవరు తెరిచాక మొదట చూసేది 13ఎ. అది లేకపోయినా, ఓటరు సంతకం లేకపోయినా, ధ్రువీకరణ సరిగా లేకపోయినా, 13ఎ మీద రాసిన బ్యాలట్ క్రమసంఖ్యకూ 13బి కవరు మీద ఉన్న సంఖ్యకూ పొంతన లేకపోయినా లోపలి కవరును తెరవరు. ఆ ఓటు ఎవరికి పడిందో ఎవరికీ తెలియకుండానే తిరస్కారమవుతుంది. ఈ దశ దాటిన కవర్లను మాత్రమే తెరుస్తారు. అప్పుడు రెండో వడపోత: ఎవరికీ గుర్తు పెట్టకపోవడం, ఒకరికి మించి పెట్టడం, ఓటరెవరో తెలిసేలా సంతకమో రాతో ఉండడం, కాగితం చిరిగి అసలుదో కాదో తేలకపోవడం. ఈ రెండు దశల తిరస్కారాలను ఏజెంటు వేర్వేరుగా రాసుకోవాలి. మొదటి రకానివి తర్వాత కోర్టులో తెరిస్తే ఎటైనా పోవచ్చు. రెండో రకానివి కళ్లెదుట చూసిన కాగితాలు కాబట్టి అభ్యంతరం అప్పటికప్పుడే చెప్పాలి.

సర్వీసు ఓటర్లకు, అంటే సైనికుల వంటివారికి, ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే బ్యాలట్లకు ఒక పని అదనం. ముందు 13సి, తర్వాత 13ఎ, ఆపైన 13బి మీద ఉన్న క్యూఆర్ కోడ్‌లను వరసగా స్కాన్ చేయాలి. అదే ఓటరు పేరున రెండు కవర్లు వస్తే అక్కడ బయటపడుతుంది. స్కానింగ్ నెమ్మదిగా సాగే పని. అందుకే సైనికులు ఎక్కువగా ఉన్న నియోజకవర్గాల్లో పోస్టల్ టేబుళ్లు ఆలస్యంగా ముగుస్తాయి.

ధ్రువీకరణ దగ్గర ఏం జరుగుతుందో రాధాపురం చూపిస్తుంది. తమిళనాడులోని ఈ సీటులో 2016లో తేడా 49 ఓట్లు. తిరస్కరించిన పోస్టల్ బ్యాలట్లు 203. ప్రధానోపాధ్యాయులు ధ్రువీకరించారు, వారు గెజిటెడ్ అధికారులు కారు అన్నది కారణం. మద్రాస్ హైకోర్టు ఆ బ్యాలట్లతో పాటు చివరి మూడు రౌండ్లను కూడా మళ్లీ లెక్కించమని 2019 అక్టోబరులో ఆదేశించింది. లెక్కించారు గాని ఆ ఫలితాన్ని వెల్లడించకుండా సుప్రీంకోర్టు ఆపింది. అప్పటికే సభ గడువులో మూడేళ్లు దాటిపోయాయి. గుజరాత్‌లోని ఢోల్కాలో 2017లో తేడా 327, తిరస్కరించిన పోస్టల్ ఓట్లు 429. ఆ ఎన్నిక చెల్లదని హైకోర్టు 2020 మేలో తీర్పిచ్చింది, కొద్ది రోజుల్లోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. బిహార్‌లోని హిల్సాలో 2020లో తేడా 12, తిరస్కారాలు 182. మూడు చోట్లా తిరస్కరించిన ఓట్లు మెజారిటీ కన్నా ఎక్కువే.

ఈ పరిస్థితికి ఎన్నికల సంఘం ఒక నిబంధన పెట్టింది. చెల్లవని పక్కన పెట్టిన పోస్టల్ బ్యాలట్ల సంఖ్య కన్నా మెజారిటీ తక్కువైతే, ఫలితం ప్రకటించే ముందే ఆ తిరస్కరించినవాటన్నిటినీ పరిశీలకుడి ఎదుట రిటర్నింగ్ అధికారి (నియోజకవర్గంలో ఎన్నిక జరిపించే అధికారి) మళ్లీ చూడాలి, దాన్ని వీడియో తీయాలి. ఇది ఎవరో అడిగితే చేసేది కాదు, తప్పనిసరి. హిల్సాలో అలాగే చేశారు. అభ్యర్థి ఏజెంటు దగ్గర తిరస్కారాల లెక్క లేకపోతే ఈ నిబంధన వర్తిస్తుందో లేదో కూడా అతనికి తెలియదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఇదే 13ఎ పెద్ద వివాదమైంది. ఎన్నికల సిబ్బంది ఓటు వేసే ఫెసిలిటేషన్ సెంటర్‌లో రిటర్నింగ్ అధికారి నియమించిన అధికారి సంతకం ఉంటే, పేరు, హోదా, ముద్ర లేకపోయినా ప్రకటన పత్రం చెల్లుతుందని ఎన్నికల అధికారులు చెప్పారు. వైఎస్సార్ కాంగ్రెస్ హైకోర్టుకు, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండుచోట్లా ఊరట దొరకలేదు. ఓటరు తప్పేమీ లేకుండా, ముద్ర వేయాల్సినవారు వేయనందుకు ఓటు పోవడం అన్యాయమని నా అభిప్రాయం. అయితే ఆ మాట లెక్కింపుకు కొద్ది రోజుల ముందు కాక పోలింగ్ కన్నా ముందే చెప్పి ఉంటే అంత అలజడి ఉండేది కాదు. ఎన్నికల విధుల్లో ఉన్నవారు ఇప్పుడు ఫెసిలిటేషన్ సెంటర్‌లోనే ఓటు వేసి అక్కడే ఇవ్వాలి. 13ఎ మీద బ్యాలట్ సంఖ్య రాశామా, ఎదుటి అధికారి సంతకం పడిందా అని కవరు అంటించే ముందు చూసుకుంటే చాలావరకు తిరస్కారాలు ఉండవు. 85 ఏళ్లు దాటినవారు, 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారు ఇంటి నుంచే ఓటు వేయాలంటే నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లోగా ఫారం 12డి ఇవ్వాలి. వారి ఇంటికి సిబ్బంది వచ్చినప్పుడు కూడా చూసుకోవాల్సింది ఇదే సంతకం, ఇదే సంఖ్య.

పోస్టల్ లెక్కింపు 8కి, ఈవీఎంలు 8.30కి మొదలవుతాయి. మధ్యాహ్నానికి యంత్రాలు అయిపోయి, పోస్టల్ టేబుళ్ల దగ్గర కవర్లు ఇంకా తెరుస్తూనే ఉండడం, ఏజెంట్లు గెలుపు సంబరాలకో ఇంటికో వెళ్లిపోవడం చాలా చోట్ల మామూలుగా ఉండేది. 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘం దీన్ని సరిచేసింది. పోస్టల్ బ్యాలట్ల లెక్కింపు పూర్తయ్యాకే ఈవీఎంల చివరి నుంచి రెండో రౌండు మొదలుపెట్టాలి. ఇది మంచి మార్పు. పార్టీలు చేయాల్సింది అనుభవం ఉన్న మనిషిని పోస్టల్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టడం. చాలాసార్లు దీనికి విరుద్ధంగా, కొత్తవాళ్లను అక్కడికి పంపి, పాతవాళ్లు ఈవీఎం టేబుళ్ల దగ్గర చేరతారు.

ఇక యంత్రాలు. ఇక్కడ ఏజెంటు చేతిలో ఉండాల్సిన ఆయుధం ఫారం 17సి (బూత్‌లో పడిన ఓట్ల లెక్క) మొదటి భాగం నకలు. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి (బూత్ బాధ్యుడు) దీన్ని ప్రతి పోలింగ్ ఏజెంటుకూ ఇవ్వాలి, ఏజెంటు అడిగి తీసుకోవాలి. దానిలో ఉండే లెక్క చాలా సులువు. 17ఎ రిజిస్టరులో ఎక్కిన ఓటర్ల సంఖ్య నుంచి, రిజిస్టరులో సంతకం చేశాక ఓటు వేయనన్నవారిని, నిబంధన పాటించనందుకు వేయనివ్వనివారిని తీసేస్తే వచ్చేది కంట్రోల్ యూనిట్ (ఈవీఎంలో ఓట్లు నమోదయ్యే భాగం) చూపే మొత్తంతో సరిపోవాలి. ఓటు ఎవరికి పడిందో స్లిప్పు మీద చూపే వీవీప్యాట్‌లో తప్పుడు గుర్తు వచ్చిందని ఎవరైనా ఫిర్యాదు చేసి పరీక్ష ఓటు వేసి ఉంటే అదీ అక్కడ నమోదై ఉండాలి, ఆ ఓటును తీసివేయాలి.

చీకటి పడ్డాక, బస్సు ఎక్కే తొందరలో నింపే ఫారం ఇది. 231ని 213గా రాయడం, సీలు నంబరు గడిలో యంత్రం నంబరు రాయడం లాంటివి ఇక్కడే జరుగుతాయి. అప్పుడే సరిచేయించి సంతకం పెట్టించుకుంటే అరనిమిషం పని. లెక్కింపు హాల్లో అదే తప్పు బయటపడితే ఆ యంత్రం పక్కకు పోతుంది.

లెక్కింపుకు ఏజెంట్ల జాబితా ముందే ఇచ్చి ఉండాలి. ఫారం 18, ఫొటోలు, లెక్కింపుకు మూడు రోజుల ముందు సాయంత్రం 5 గంటలలోగా. హాల్లో మామూలుగా 14 టేబుళ్లు ఉంటాయి, వాటికి ఒక్కొక్క ఏజెంటు, రిటర్నింగ్ అధికారి టేబుల్ దగ్గర మరొకరు. ఫోను తీసుకెళ్లనివ్వరు. పెన్ను, తెల్ల కాగితం, 17సి నకళ్లు తీసుకెళ్లొచ్చు. హిమాచల్ సగటు నియోజకవర్గం 14 టేబుళ్ల మీద తొమ్మిది రౌండ్లలో ముగుస్తుంది. మన దగ్గర అది పంతొమ్మిది వరకు పోతుంది. నకళ్లను బూత్ వరుసలో కాక టేబుల్, రౌండు వరుసలో పేర్చుకుని వెళ్లాలి. మొదటి రౌండులో 1 నుంచి 14, రెండో రౌండులో 15 నుంచి 28. అలా చేయకపోతే కాగితం వెతికేలోపు యంత్రం పక్కకు వెళ్లిపోతుంది.

కంట్రోల్ యూనిట్ టేబుల్ మీదకు రాగానే చూడాల్సినవి మూడు: యూనిట్ నంబరు 17సిలో ఉన్నదేనా, పేపర్ సీల్ నంబరు సరిపోయిందా, సీలు చెక్కుచెదరకుండా ఉందా. రిజల్ట్ బటన్ నొక్కాక మొదట కనిపించే మొత్తం ఓట్లు 17సితో సరిపోయిందా చూసి, ఆ తర్వాత అభ్యర్థుల అంకెలు రాసుకోవాలి. తెర మీద అంకెలు త్వరగా మారిపోతాయి. అందుకోకపోతే మళ్లీ నొక్కమని అడగొచ్చు, మొహమాటపడక్కరలేదు. సూపర్‌వైజర్ ఆ అంకెలను 17సి రెండో భాగంలో రాస్తారు, ఏజెంట్లు సంతకం చేస్తారు. అక్కడి నుంచి అవి రిటర్నింగ్ అధికారి టేబుల్ దగ్గర రౌండు పట్టికలోకి, చివరకు తుది ఫలితాల పత్రమైన ఫారం 20లోకి ఎక్కుతాయి. యంత్రం సరిగ్గా చెప్పినా పట్టికలో ఒక వరుస కిందకో పైకో ఎక్కితే పొరపాటు జరిగిపోతుంది. ప్రతి రౌండులోనూ రెండు యంత్రాలను పరిశీలకుడు యాదృచ్ఛికంగా ఎంచుకుని సరిచూస్తారు. మిగతా పన్నెండింటినీ సరిచూసే బాధ్యత ఏజెంట్లదే. రిటర్నింగ్ అధికారి టేబుల్ దగ్గర కూర్చున్న ఏజెంటు ప్రతి రౌండు చివర తన వాళ్ల కాగితాలతో ఆ రౌండు పట్టికను పోల్చి చూడాలి. స్వల్ప మెజారిటీ సీటులో ఇంతకు మించిన పని ఏదీ లేదు.

సరిపోలని యంత్రాల సంగతి చెప్పాలి. పోలింగ్‌కు గంటన్నర ముందు కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ (నమూనా ఓటింగ్) జరుగుతుంది. తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్ బటన్లు వరసగా నొక్కి, వీవీప్యాట్ పెట్టెలోని స్లిప్పులు తీసి, ముద్ర వేసి నల్ల కవరులో సీలు చేయాలి. ప్రిసైడింగ్ అధికారి క్లియర్ నొక్కడం మరిచిపోతే మాక్ పోల్ ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి. కొన్నిసార్లు తెర పనిచేయదు. ఇలాంటి యంత్రాలను పక్కన పెట్టి మిగతావి లెక్కిస్తారు. చివర్లో మెజారిటీ ఆ యంత్రాల్లోని మొత్తం ఓట్ల కన్నా ఎక్కువైతే ఇంతకుముందు వాటి జోలికి పోయేవారు కారు. సమానమో తక్కువో అయితే ఆ బూత్‌ల వీవీప్యాట్ స్లిప్పులు లెక్కించాలి, మాక్ పోల్ స్లిప్పులేమైనా మిగిలి ఉంటే తీసేసి. 60 ఓట్ల తేడా ఉన్న చోట 700 ఓట్ల యంత్రం ఒక్కటి పక్కన ఉన్నా లెక్కింపు ముగిసినట్టు కాదు.

ఆఖరి రౌండు అయ్యాక ప్రతి నియోజకవర్గంలో 5 బూత్‌లను చీటీలు తీసి ఎంపిక చేసి వాటి వీవీప్యాట్ స్లిప్పులు లెక్కిస్తారు. 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు చెప్పాకే ఒకటి నుంచి ఐదుకు పెరిగింది. బ్యాంకు క్యాషియర్ గదిలా జాలీ కట్టిన చోట, ఒకదాని తర్వాత ఒకటిగా, గుర్తుల వారీ గళ్లలో వేసి, పాతికేసి స్లిప్పుల కట్టలు కడతారు. ఇవి కాక ఫలానా బూత్ స్లిప్పులు లెక్కించమని అభ్యర్థి రాతపూర్వకంగా అడగొచ్చు, ఒప్పుకోవడం రిటర్నింగ్ అధికారి నిర్ణయం. యంత్రం అంకెకూ స్లిప్పుల అంకెకూ తేడా వస్తే స్లిప్పులదే చెల్లుతుంది.

రీకౌంటింగ్ దగ్గర చాలామంది అవకాశం పోగొట్టుకుంటారు. మొత్తం ఓట్లు ప్రకటించాక రిటర్నింగ్ అధికారి ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. ఆ నిమిషాల్లోనే అభ్యర్థి, ఆయన లేకపోతే ఎన్నికల ఏజెంటు, అతనూ లేకపోతే ఎవరైనా కౌంటింగ్ ఏజెంటు రీకౌంటింగ్ కావాలని చెప్పాలి. రాసివ్వడానికి సమయం అడిగితే సమంజసమైనంత ఇవ్వాలి. దరఖాస్తులో కారణాలు ఉండాలి. అధికారి పూర్తిగానో కొంతమేరకో ఒప్పుకోవచ్చు, పస లేదనుకుంటే తోసిపుచ్చొచ్చు. ఏది చేసినా కారణాలతో రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఫారం 20 పూర్తిచేసి సంతకం పెట్టాక దరఖాస్తు తీసుకోరు. హాలు బయట ధర్నా చేసినా, టీవీ ముందు మాట్లాడినా దానితో సమానం కాదు.

"అన్ని ఈవీఎంలూ మళ్లీ లెక్కించండి" అని రాసే దరఖాస్తు దాదాపు ఎప్పుడూ నిలవదు. బటన్ మళ్లీ నొక్కితే అదే అంకె వస్తుంది. "ఫలానా రౌండు, ఫలానా టేబుల్, ఫలానా బూత్‌లో 17సి రెండో భాగంలో మా అభ్యర్థికి ఇంత ఉంది, రౌండు పట్టికలో ఇంత ఎక్కింది, నకలు జతచేశాం" అని రాస్తే కాదనడం కష్టం. పోస్టల్ అయితే "13ఎ సంఖ్య కలవలేదన్న కారణంతో ఇన్ని, ధ్రువీకరణ కారణంతో ఇన్ని తిరస్కరించారు, వాటిలో ఇన్నింటికి అప్పుడే అభ్యంతరం చెప్పాం" అని ఉండాలి. ఖాళీలు వదిలిన దరఖాస్తు నమూనా ఒకటి ముందురోజే టైపు చేయించి జేబులో పెట్టుకోవడం మంచిది.

టెండర్డ్ ఓటు గురించి ఓటర్లకూ తెలియాలి. బూత్‌కు వెళ్లేసరికి మన పేరున ఎవరో వేసేసి ఉంటే చాలామంది కేకలు వేసి తిరిగి వస్తారు. అలా కాకుండా ప్రిసైడింగ్ అధికారికి గుర్తింపు చూపి, టెండర్డ్ బ్యాలట్ కాగితం అడగాలి. ఫారం 17బిలో సంతకం చేసి, బాణం గుర్తు ముద్రతో ఓటు వేసి ఇస్తే దాన్ని వేరే కవరులో ఉంచుతారు. లెక్కింపు రోజున దాన్ని లెక్కించరు. ఎన్నికల పిటిషన్‌లో మాత్రం దొంగ ఓటు తీసేసి ఈ ఓటు కలపమని కోర్టును కోరవచ్చు. నాథ్‌ద్వారా వివాదం 2011లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది టెండర్డ్ ఓట్ల మీదే. పిటిషన్‌లో పేర్కొనని ఓట్లను తర్వాత తెచ్చి కలపడం కుదరదన్న పాఠం ఆ కేసు నుంచి న్యాయవాదులు నేర్చుకున్నారు. వచ్చిన వ్యక్తి అసలు ఓటరు కాడని అనుమానం ఉంటే పోలింగ్ ఏజెంటు 2 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పొచ్చు. ఊళ్లో లేనివారి, వలస పోయినవారి, చనిపోయినవారి జాబితా ఏజెంటు దగ్గర ఉంటేనే ఆ హక్కు ఉపయోగపడుతుంది.

ఓట్లు సరిసమానమైతే శాసనసభ ఎన్నికలో చీటీ తీస్తారు, పేరు వచ్చినవారికి ఒక ఓటు కలిసి గెలుస్తారు. రాజ్యసభ ఎన్నికలో పద్ధతి వేరు. 2024 ఫిబ్రవరి 27న హిమాచల్‌లో ఆరుగురు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు, ముగ్గురు స్వతంత్రులు బీజేపీకి వేయడంతో కాంగ్రెస్ అభ్యర్థి అభిషేక్ మను సింఘ్వీకి, బీజేపీ అభ్యర్థి హర్ష్ మహాజన్‌కు 34 చొప్పున వచ్చాయి. చీటీలో సింఘ్వీ పేరు వచ్చింది, ఆయన ఓడిపోయినట్టు ప్రకటించారు. ఆ పద్ధతిని ఆయన హైకోర్టులో సవాలు చేశారు. ఆ ఆరుగురిలో ఒకరు 399 ఓట్లతో గెలిచిన సుజాన్‌పూర్ ఎమ్మెల్యే.

ఓడిన అభ్యర్థి గుర్తుపెట్టుకోవాల్సిన గడువులు రెండు. యంత్రం మీద అనుమానం ఉంటే రెండో, మూడో స్థానంలో వచ్చినవారు ఫలితం వచ్చిన 7 రోజుల్లోగా నియోజకవర్గంలో 5 శాతం యంత్రాల మెమరీ తనిఖీ కోరవచ్చు. ఖర్చు వారే భరించాలి, తారుమారు జరిగిందని తేలితే తిరిగి ఇస్తారు. 2024 ఏప్రిల్ 26 తీర్పుతో వచ్చిన అవకాశం ఇది. హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయడానికి 45 రోజులు. ఆ గడువులో పిటిషన్ రాకపోతే యంత్రాలను మరో ఎన్నికకు తీసుకుపోతారు. పిటిషన్‌ను ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. కాని రాధాపురంలో ఏం జరిగిందో పైన చెప్పాను. తెలంగాణలోని ధర్మపురిలో 2018లో తేడా 441. ఆ పిటిషన్ విచారణలో 2023లో స్ట్రాంగ్‌రూమ్ తెరవబోతే తాళంచెవులు కనపడలేదు.

మీ పత్రికను కోరేది ఇదీ. వెయ్యి లోపు మెజారిటీ ఉన్న ప్రతి సీటుకూ పట్టికలో మెజారిటీ పక్కన మరో ఐదు గడులు పెట్టండి: అందిన పోస్టల్ బ్యాలట్లు, తిరస్కరించినవి, పక్కన పెట్టిన యంత్రాలు, టెండర్డ్ ఓట్లు, రీకౌంటింగ్ దరఖాస్తు మీద నిర్ణయం. టెండర్డ్ ఓట్లకు ఫారం 20లో బూత్ వారీగా గడి ఉంది. ఆ ఫారం ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పెడతారు. మిగతావి అదే సాయంత్రం రిటర్నింగ్ అధికారిని అడగాల్సినవి. విలేకరులు మెజారిటీ కనుక్కోవడానికి ఎలాగూ ఆయన దగ్గరకు వెళ్తారు. తిరస్కారాలు మెజారిటీ కన్నా ఎక్కువైతే, మళ్లీ పరిశీలించారా, వీడియో తీశారా అని అప్పుడే అడిగి ఆ జవాబు కూడా అచ్చువేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు